మొలలకు రబ్బరు బ్యాండ్ వేయించుకుంటే నొప్పి ఉంటుందా?

మీకు రెండవ దశ లోపలి మొలలని (ముక్కినప్పుడు బయటికి వచ్చి, వాటంతటవే లోపలికి పోయేవి) తేలిందనీ, శ్రీకాకుళంలో సర్జన్ గారు బ్యాండింగ్ చేయించుకోమన్నారనీ రాశారు. అది ఆపరేషనేనా, నొప్పి ఎంత ఉంటుంది, పని ఎన్నాళ్ళు మానాలి అని అడిగారు. విజయనగరంలో నేను ఈ చికిత్స చేయించుకున్నాను కనుక తెలిసినంత రాస్తున్నాను.

ఇందులో కోతా కుట్లూ ఉండవు, సాధారణంగా మత్తు కూడా ఇవ్వరు, ఓపీలోనే చేసి పంపించేస్తారు. నన్ను ఎడమ పక్కకు తిరిగి మోకాళ్ళు ముడుచుకొని పడుకోమన్నారు. ప్రోక్టోస్కోప్ అనే పొట్టి గొట్టం లోపలికి పెట్టి, కొనకు చిన్న రబ్బరు వలయం తొడిగిన పరికరంతో మొలను పట్టి, దాని మొదట్లో ఆ వలయాన్ని జార్చారు. రక్తం అందక ఆ మొల వాడిపోయి, సుమారు వారం పది రోజుల్లో దానంతటదే రాలిపోతుంది.

మీ భయమంతా నొప్పి గురించే కనుక ఈ సంగతి వివరంగా చెప్పాలి. మలద్వారం లోపల ఒక గీత ఉంటుంది. దానికి దిగువనున్న చర్మం గిల్లినా ఓర్చుకోలేము, ఎగువనున్న పొరకు మాత్రం అటువంటి నొప్పి తెలియదు. అందుకే బ్యాండ్‌ను గీతకు బాగా పైన వేస్తారు, బయటి మొలలకు ఈ పద్ధతి వాడరు. వలయం జార్చే ముందు మొలను పట్టి లాగి, "ఇక్కడ నొప్పిగా ఉందా?" అని నన్ను అడిగారు. వేసిన వెంటనే పోటు పుడితే మొహమాటపడకుండా ఆ బల్ల మీదే చెప్పండి, బ్యాండ్ తీసేసి మరికాస్త పైన వేయవచ్చు.

ఆ తరువాత ఒకటి రెండు రోజులు లోపల బరువుగా ఉండి, ఎంతసేపూ దొడ్డికి వెళ్ళాలనిపిస్తుంది. అది బ్యాండ్ వల్ల కలిగే భావనే కనుక కూర్చుని ముక్కకండి. నేను మర్నాడే కొట్టు తెరిచాను కానీ, బియ్యం బస్తాల జోలికి పోలేదు. చోడి అంబలి, ఆకుకూరలు, రాత్రిపూట ఇసబ్గోల్, నిండుగా నీళ్ళు, గోరువెచ్చని నీటి బేసినులో కూర్చోవడం నాకు మేలు చేశాయి.

మొల రాలేటప్పుడు కాస్త రక్తం కనిపించడం మామూలే. ధారగా పోయినా, జ్వరం వచ్చినా, మూత్రం బిగుసుకుపోయినా, నొప్పి రోజురోజుకూ పెరిగినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. గుండె జబ్బుకు క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. ఒకే విడతలో అన్ని మొలలకూ వేయకపోవచ్చు, కొన్ని వారాల ఎడంతో మళ్ళీ రమ్మనవచ్చు.

బస్టాండు గోడల మీద ఒక్క ఇంజక్షన్‌తో నయమని రాసేవారి దగ్గరకు మాత్రం దయచేసి వెళ్ళకండి. ఖర్చు భారమనుకుంటే మీ ఊళ్ళోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి సర్జరీ ఓపీలో అడగండి. మీ వయసు నలభై అయిదు దాటినా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా, రక్తం మొలలదేనని అనుకుని ఊరుకోకుండా కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగును చూసే పరీక్ష) అవసరమేమో బ్యాండ్ వేయించుకోకముందే సర్జన్ గారిని అడగండి.