కీలు కలిసినా ప్రోగ్రెసివ్ హౌస్ మిక్స్ అపశ్రుతి ఎందుకు పలుకుతుంది?

హైదరాబాద్ క్లబ్‌లో డీజే సెట్ కోసం ప్రోగ్రెసివ్ హౌస్ (ఒక డ్యాన్స్ సంగీత శైలి) ట్రాక్‌లు కలుపుతూ, కీ (పాట శ్రుతి) 8ఏ నుంచి 9ఏకి, అంటే డీజే కోడ్‌లో ఏ మైనర్ నుంచి ఇ మైనర్‌కి వెళ్తే శ్రుతి తప్పుతోందని అడిగారు. ఆ జోడీ మంచిదే. ముందు కీ లాక్ (వేగం మార్చినా శ్రుతి మారకుండా ఉంచే బటన్) చూడండి. అది ఆఫ్‌లో ఉండి, పాట వేగం మార్చే పిచ్ స్లైడర్ 6 శాతం జరిగితే శ్రుతి దాదాపు ఒక సెమిటోన్ (పక్క స్వరానికి ఉన్న దూరం) మారిపోతుంది. 3 శాతానికే ప్యాడ్‌లు (సాగదీసి మోగే నేపథ్య స్వరాలు) రెండు శ్రుతుల మధ్య చిక్కుకుంటాయి.

అసలు దోషి ఎక్కువగా బేసే. 124 బీపీఎంలో (నిమిషానికి 124 బీట్లు) 32 బార్లంటే (బార్‌కి నాలుగు బీట్లు) సుమారు 62 సెకన్లు. అంతసేపు రెండు బేస్‌లైన్లు కలిసి మోగితే ఏ కీ అయినా బురదే. కొత్త ట్రాక్‌ని దాని ‘లో’ ఈక్యూ (బేస్ నాబ్) పూర్తిగా తగ్గించి తెచ్చి, ఫ్రేజ్ (కొన్ని బార్ల సంగీత వాక్యం) మొదటి బీట్‌పై ఒక్కసారిగా బేస్ మార్చండి.

సాఫ్ట్‌వేర్ చూపే కీని గుడ్డిగా నమ్మొద్దు. హెడ్‌ఫోన్స్‌లో బేస్ నోట్ విని, ఫోన్ కీబోర్డ్‌పై సరిచూడండి.