కమాను, తోరణం ఒకటేనా?

సందేహం: మా వాడలో పాత మసీదుకు మరమ్మతులు చేస్తున్నారు. దాని ముందరి వంపు ద్వారాన్ని మా తాతగారు ‘కమాను’ అనేవారు. పత్రికల్లో ‘ఆర్చి’ అని చూస్తున్నాను. కరపత్రం రాస్తున్న మిత్రుడేమో ‘తోరణం’ అంటేనే తెలుగుగా ఉంటుందని పట్టుబట్టాడు. ఏది సరైనది? గుమ్మటం అనే మాట గుమ్మం నుంచి వచ్చిందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

సమాధానం: మీ తాతగారు అన్నదే నాకు నచ్చిన మాట. ఊరి నడిబొడ్డున ‘కమాన్’ చౌరస్తా పెట్టుకుని, రోజూ దాని మీదుగా తిరుగుతూ కరీంనగర్ వారు నన్ను ఈ ప్రశ్న అడగడమే విడ్డూరం.

కమాను ఫార్సీ మాట, అర్థం విల్లు. మనవాళ్లు దాన్ని అరువు తెచ్చుకుని ఊరుకోలేదు, వంగినదల్లా కమానే అన్నారు. ఫిడేలు వాయించే కర్ర కమాను. లారీ కింద బరువు మోసే ఉక్కు పట్టీలు కమాను కట్టలు. ఆ కట్ట విరిగితే ఏమవుతుందో డ్రైవర్లను అడగండి. ఇన్ని చోట్ల బతుకుతున్న మాటను వదిలి ‘ఆర్చి’ని నెత్తికెక్కించుకోవడం ఏ అవసరం కోసమో పత్రికల వారే చెప్పాలి. కార్ముకం నుంచి కమాను వచ్చిందని చుట్టరికం కలిపే వారూ ఉన్నారు. రెండూ విల్లులే అయినంత మాత్రాన బంధువులు కావు.

ఇక తోరణం సంగతి. ఓరుగల్లు కోటలోని నాలుగు కీర్తితోరణాలను నిలబడి చూడండి. నిలువు స్తంభాలు, వాటి మీద అడ్డంగా రాతి దూలం, ఆ పైన హంసలు. అక్కడ బరువు మోసేది దూలమే. రాతి దూలాన్ని మరీ పొడుగు చేస్తే నడుమ విరుగుతుంది కనుక దగ్గర దగ్గరగా స్తంభాలు నిలపాలి. 1163లో రుద్రదేవుడు కట్టించిన హనుమకొండ గుడికి వేయి స్తంభాల పేరు ఊరికే రాలేదు. కమాను నడక వేరు. ఒక వైపు వెడల్పుగా, మరో వైపు సన్నగా చెక్కిన రాళ్లను కింద చెక్క దన్ను పెట్టి, డంగుసున్నంతో వంపుగా పేరుస్తారు. దన్ను తీసేశాక రాయి రాయిని ఒత్తుకుని నిలుస్తుంది. బరువు రెండు పక్కలకూ జారుతుంది, నడుమ స్తంభం అక్కర లేదు. 1323లో తుగ్లక్ సేనలు ఓరుగల్లును గెలిచాక ఈ పని ఇక్కడ పాతుకుంది. అదే కోటలోని ఖుష్ మహల్‌లోకి వెళ్లి కమానులు చూసి, బయటికొచ్చి తోరణాలు చూస్తే నేను వాదించాల్సిన పని సగం తగ్గిపోతుంది. ‘కాకతీయ ఆర్చి’ అని రాసినవారిని ఒకసారి అక్కడికి తీసుకెళ్లాలని ఉంది.

మసీదు ముందు కమానులు తరచు మూడో అయిదో ఉంటాయి. బేసి సంఖ్య అయితేనే నడిమి కమాను పడమటి గోడలో నమాజు దిక్కును చూపే మిహ్రాబుకు సూటిగా కుదురుతుంది. ఆ మిహ్రాబు కూడా ఒక చిన్న కమానే, గోడలో గూడులా.

మీ మిత్రుడి తెలుగు పట్టుదలకు ఒక మాట. తోరణం సంస్కృతం! ఒక అరువు సొమ్ము తీసి మరో అరువు సొమ్ము పెట్టుకుంటే తెలుగు అయిపోతుందా? పొన్నికంటి తెలగనార్యుడు సంస్కృత సమాలను, అంటే సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్న మాటలను, దూరం పెట్టి అచ్చతెనుగులో ‘యయాతి చరిత్ర’ రాసి, పటాన్‌చెరు అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. అంత నిష్ఠ గల కవికి ఖాను పేరు అడ్డు రాలేదు. మనకు కమాను అడ్డొస్తోంది.

అలాగని తోరణం తప్పని కొట్టివేయలేను. వంపు తిరిగిన స్వాగత ద్వారాలనూ జనం తోరణాలనే అంటున్నారు, వాడుక ముందు నా పంతం ఎంత?

గుమ్మటానికీ గుమ్మానికీ సంబంధం లేదు, అది ఫార్సీ ‘గుంబద్’. మసీదు అరబ్బీ ‘మస్జిద్’, సజ్దా చేసే చోటు, అంటే నుదురు నేలకు ఆనించి మొక్కే చోటు. మినారు కూడా అరబ్బీయే, వెలుగు అనే ధాతువు నుంచి వచ్చింది. మీకు దగ్గరలోని ఎలగందుల ‘దో మినార్’ చూసే ఉంటారు.

కరపత్రంలో ‘మసీదు కమాను’ అనే అచ్చు వేయించండి. మిత్రుడు మరీ నొచ్చుకుంటే, పని పూర్తయిన రోజున కట్టే మామిడాకులకు తోరణం అనే మాట ఆయనకే వదిలేయండి.