దాణాలో యాంటీబయాటిక్ మానేస్తానన్న మా అబ్బాయికి

చిరంజీవి శ్రీనివాస్‌కు ఆశీస్సులు.

ఈ బ్యాచ్ నుంచి యాంటీబయాటిక్స్ మానేసి మూలికల సారాలతోనే కోళ్లను పెంచుతానని రాశావు. సంతోషం. దాణాలో రోజూ కాస్త కాస్త మందు కలుపుతూ పోతే దానికి లొంగని బ్యాక్టీరియాయే మిగిలి పెరుగుతుంది. ఎదుగుదల కోసం అలా కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006లోనే నిషేధించింది. అయితే మందు తీసిన చోట పసరు పోస్తే చాలనుకోకు.

ముందు రోగమేమిటో తేల్చుకో. కొక్కెర తెగులు వైరస్‌తో వస్తుంది. దానికి యాంటీబయాటికూ పనిచేయదు, పసరూ పనిచేయదు. ముందుగా వేయించే టీకాయే రక్ష. రక్తపారుడుకు మూలం ఐమీరియా అనే ఏకకణ జీవి, దాన్ని పెంచి పోషించేది తడిసిన లిట్టర్, అంటే షెడ్డు నేల మీద పరిచే పొట్టు. పిడికెడు లిట్టర్ తీసుకుని గట్టిగా నొక్కి వదిలి చూడు. ముద్దగానే ఉండిపోతే ఏ సారమూ నిన్ను ఆదుకోదు, ముందు నీటి పైపుల లీకులు చూసుకో.

సారాలు అక్కరకొచ్చేది పేగు ఆరోగ్యానికి. వాములోని థైమాల్, ఒరెగానో అనే సువాసన ఆకులోని కార్వక్రాల్ బ్యాక్టీరియా పైపొరను దెబ్బతీస్తాయి. కానీ ఇవి ఉండే నూనె నీళ్లలో కలవదు. ట్యాంకులో పోస్తే పైకి తేలి కొన్ని కోళ్లకు ఎక్కువ, కొన్నింటికి శూన్యం. పైగా కోళ్లు నీళ్లు తాగే నిపుల్స్ జిగురెక్కుతాయి. పూత పూసిన పొడి రూపంలో దొరికేది దాణాలో కలుపు. పూత ఉంటే పేగు చివరిదాకా చేరుతుంది. వెల్లుల్లిని ఉడికించి పోసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. బ్యాక్టీరియాను అణచే అల్లిసిన్ వెల్లుల్లిని దంచినప్పుడే పుడుతుంది, ముందే ఉడికిస్తే దాన్ని పుట్టించే ఎంజైమే చెడిపోతుంది. దంచి కాసేపు వదిలేసి ఆ తర్వాత వాడు. పసుపు బూజు పట్టిందేమో చూసుకో, పడితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చేరి కాలేయాన్నే తినేస్తుంది. వేప మోతాదు మించితే చేదుకు కోళ్లు దాణా ముట్టవు.

కొనేటప్పుడు డబ్బా మీది ఆకు బొమ్మను చూసి మోసపోకు. ఒకే మొక్కలో కూడా నేలను బట్టి, కోసిన కాలాన్ని బట్టి సారం మారిపోతుంది. అసలు పదార్థం ఎంత శాతముందో ఆ బ్యాచ్ పరీక్ష నివేదిక అడుగు. ఇవ్వనంటే కొనకు.

కోళ్లు చనిపోవడం మొదలైతే మాత్రం పంతం వద్దు. చనిపోయినా ఇంకా కుళ్లని కోడిని పశువైద్యుడికి చూపించి శవపరీక్ష చేయించు. బ్యాక్టీరియా అని తేలితే, దాన్ని ఏ మందు చంపుతుందో పరీక్ష చేయించి ఆ మందునే చెప్పినన్ని రోజులూ వాడు. మందు ఆపాక ఆగాల్సిన గడువు తీరేదాకా గుడ్లు, మాంసం అమ్మకు.

మొదటి బ్యాచ్‌లో షెడ్డు సగానికే సారం పెట్టు. రెండు సగాల దాణా, బరువు, మరణాలు వారం వారం విడివిడిగా రాసి ఆ లెక్కలు నాకు పంపు.

మీ పెదనాన్న