అర్జీ తెలుగులో, జవాబు ఏ భాషలో?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా నాన్నగారికి పింఛను ఆగిపోయిందని తెలుగులో అర్జీ రాసి ఒక ఆఫీసుకు పట్టుకెళ్తే, ఒడియాలో రాయించుకుని రమ్మని తిప్పి పంపేశారు. పోటీ పరీక్షలకు చదువుతున్న మా తమ్ముడేమో ‘లాత్వియాలో ఒకే భాష అని రాజ్యాంగంలోనే రాసుకున్నారు, వాళ్లకంటే మనం నయం’ అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: లాత్వియా మాట నిజమే. వాళ్ల రాజ్యాంగం 4వ అధికరణంలో లాత్వియన్ రాజ్యభాష అని ఒక వాక్యం, వెంటనే జెండా ఎరుపు, మధ్యలో తెల్ల పట్టీ అని ఇంకో వాక్యం ఉంటాయి. తమాషా ఏంటంటే 1922లో రాసుకున్నప్పుడు అందులో జెండా ఉంది గానీ భాష లేదు, దాన్ని 1998లో చేర్చారు. సోవియట్ ఏలుబడిలో బయటివాళ్లు లక్షల్లో వచ్చి స్థిరపడి, 1989 జనాభా లెక్కల నాటికి సొంతగడ్డ మీదే లాత్వియన్లు 52 శాతానికి వచ్చేశారు మరి, ఆ భయం ఊరికే పోతుందా! అందుకే తాళం కూడా గట్టిగా వేసుకున్నారు. ఆ వాక్యాన్ని పార్లమెంటు ఒక్కటే మార్చలేదు, జనం ఓటేసి ఒప్పుకోవాలి. 2012 ఫిబ్రవరిలో రష్యన్‌ను రెండో రాజ్యభాష చేద్దామా అని ఓటింగ్ పెడితే నూటికి 75 మంది దాకా వద్దన్నారు.

మన దగ్గర రాష్ట్రభాషను శాసనసభే తేల్చుకుంటుంది. ఒడిశా 1954లోనే ఒడియాకు చట్టం చేసుకుంది కాబట్టి ఆఫీసు పని ఒడియాలో నడవడంలో తప్పేమీ లేదు. కానీ మీ అర్జీని తిప్పి పంపడం మాత్రం తప్పే. కష్టం చెప్పుకునే అర్జీని ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వొచ్చని మన రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది, పర్లాకిమిడి బజారులో తెలుగు వాడుకలో లేదని ఎవరంటారు? మెలిక ఒక్కటే, జవాబు కూడా అదే భాషలో ఇవ్వాలని అందులో లేదు. లాత్వియాలో అది తిరగేసి ఉంది: జవాబు లాత్వియన్‌లో అందుకోవడం హక్కని 104వ అధికరణంలో రాశారు.

ఈసారి అర్జీ పైన ‘350వ అధికరణం ప్రకారం’ అని ఒక ముక్క రాయండి. వీలైతే ఒడియాలో రెండు లైన్ల సారాంశం జత చేయండి, పని తొందరగా అవుతుంది, పంతానికి పోకండి. మీ కాపీ మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకోకుండా మాత్రం కదలొద్దు. జవాబు ఒడియాలో వస్తే చదివి చెప్పడానికి మీ తమ్ముడు ఉండనే ఉన్నాడు.