ఎదురింట్లో బిందె అడుగు

అమ్మలూ,

విశాఖలో ఈ మధురవాడకి వచ్చి ఎనిమిది నెలలైనా ఎదురింటివాళ్ల పేరే తెలీదనీ, ఆదివారాలు గడవడం లేదనీ అన్నావు. ఫోన్లో చెబితే మధ్యలోనే "సరే పెద్దమ్మా" అనేస్తావు, అందుకే రాస్తున్నాను.

ఒకరోజు తెల్లవారుజామున జాలరిపేట వైపు ఒడ్డుకి వెళ్లు. అలివి వల లాగుతుంటే నీ అదృష్టం. పడవ మీద వలను అర్ధచంద్రంలా సముద్రంలో వదిలి వస్తారు, రెండు కొసల తాళ్లూ ఒడ్డునే ఉంటాయి. రెండు జట్లు చెరో తాడూ లాగుతూ మెల్లగా ఒకరికొకరు దగ్గరవుతారు. పదేళ్లు వాకింగ్ చేస్తూ నేను పక్కనుంచే పోయాను. ఒకరోజు ఓ ముసలమ్మ "ఏటలా సూత్తన్నావు, ఓ సెయ్యెయ్యి" అని కసిరింది. పట్టుకున్నాను. అల వచ్చినప్పుడు తాడు వదులవుతుంది, వెనక్కి పోయేటప్పుడు గుంజేస్తుంది. పుట్టి బుద్ధెరిగాక రోజూ చూసే సముద్రం ఆ రోజే చేతికి తగిలింది. పడినవి కాసిని నెత్తళ్లు, బోలెడు ప్లాస్టిక్ కవర్లు. అయినా నా వాటా అంటూ గుప్పెడు సంచిలో వేశారు. మేం చేపలు తినం అని చెప్పడానికి నోరు రాలేదు. పక్కింటావిడకి ఇచ్చాను. ఇరవై ఏళ్లుగా తలూపి ఊరుకునే మనిషి, సాయంత్రం గిన్నె ఖాళీగా పంపకూడదని రెండు అరిసెలు వేసి తనే తెచ్చింది!

మార్చి, ఏప్రిల్‌లో అయితే ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లల్ని చూడు. అటవీ శాఖవాళ్లు తీరంలో గుడ్లు ఏరి, కంచె కట్టి ఇసుకలో పాతిపెడతారు. గూటికి నూరు దాకా ఉంటాయి, నెలన్నర, రెండు నెలలకి పిల్లలవుతాయి. వెలుతురు వైపు పాకడం వాటి స్వభావం, నువ్వు ఫోను లైటు వేశావో దారి తప్పుతాయి. పక్కనున్న పిల్లాడెవరో "అక్కా, అదొకటి ఆగిపోయింది" అంటాడు. వాడితో మాట్లాడు.

ఇక పరిచయాల సంగతి. ఇచ్చి స్నేహం చేసుకుందామనుకోకు, అడుగు. నిచ్చెన అడుగు, కరివేపాకు అడుగు. ఊరికే ఇచ్చేవాళ్లని జనం అనుమానిస్తారు, అడిగేవాళ్లని కాదు (అప్పు తప్ప). 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేదు. మా వీధిలో నుయ్యి ఉన్నది ఒక్కరింట్లోనే. ఒకళ్లని చేంతాడు, ఒకళ్లని బకెట్టు అడిగి పుచ్చుకుంటూ వీధి వీధంతా పరిచయమైపోయింది. చెట్లు కూలి బోడిగా మిగిలిన కొండల్ని చూస్తే పగలు ఏడుపొచ్చేది. రాత్రి డాబా మీద పడుకుంటే మాత్రం, మన ఊరి మీద ఇన్ని చుక్కలున్నాయా అనిపించేది. అలాంటిది మళ్లీ రాకూడదు గానీ, చేంతాడు అడగడానికి తుఫానే రావాలా?

ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్లు నిన్ను నడవమనను, నీ మోకాళ్ల సంగతి నాకు తెలుసు. ఆ దారిలో హనుమంతవాక దగ్గర నిలబడి నడిచేవాళ్లకి మజ్జిగ అందించు. రాత్రి పదకొండు దాటాక ఉండు, అసలు జనం అప్పుడు కనిపిస్తారు. చంటిదాన్ని భుజానేసుకున్న తండ్రి, కర్ర పోటేసుకుంటూ వచ్చే మామ్మ. గ్లాసు తీసుకుని ఒక్క క్షణం నీ మొహం చూసి "గోవిందా" అంటారు.

స్టీలు గ్లాసులు నా దగ్గర నలభై ఉన్నాయి, పట్టుకెళ్లు. లెక్కపెట్టి తిరిగివ్వాలి. పెద్ద బిందె మాత్రం లేదు. ఎదురింట్లో అడుగు.

మీ పెద్దమ్మ