బుజ్జినీ చిట్టినీ లయన్‌ఫిష్ మింగింది.. పాప నాన్నతో మాట్లాడటం లేదు

ప్రశ్న: మాది విశాఖపట్నం. మావారికి సముద్రపు చేపలంటే ప్రాణం. నెల కిందట ఒంటి మీద విషపు ముళ్లుండే లయన్‌ఫిష్ అనే చేపను తెచ్చి హాల్లో ఉన్న అక్వేరియంలో వేశారు. మా ఆరేళ్ల పాప బుజ్జి, చిట్టి అని పేర్లు పెట్టుకున్న రెండు క్లౌన్‌ఫిష్‌లు అందులోనే ఉండేవి. వారం తిరగకుండా రెండింటినీ మింగేసింది. ‘దాని స్వభావం అంతే’ అంటారాయన. పాప అప్పట్నుంచి ఆయనతో మాట్లాడటం లేదు. నాకేమో ఆ విషపు ముళ్లంటే టెన్షన్. వచ్చే వారం ఆయన క్యాంపుకు వెళ్తున్నారు. అప్పుడు దాన్ని సముద్రంలో వదిలించేద్దామనుకుంటున్నాను. తప్పా?

జవాబు: ఆ పని మాత్రం చేయకండమ్మా. ఆయన లేనప్పుడు చేప మాయమైతే, ఇక ఇంట్లో గొడవంతా మీరు చేసిన పని మీదే. పాప బాధ పక్కకు పోతుంది. పైగా పట్టేటప్పుడు ముల్లు గుచ్చుకునేది మీకో, పనమ్మాయికో. మన సముద్రంలో ఉండే జాతే కదా అనిపించవచ్చు. కానీ దుకాణాల్లో ఎక్కడెక్కడి చేపలతోనో కలిసి పెరిగినది తనతో రోగాలను కూడా తీసుకెళ్లవచ్చు.

మీవారి మాట నిజమే. లయన్‌ఫిష్ తన నోట్లో పట్టే చేపను వదలదు. రెక్కలు విప్పి మూలకు నెట్టి, ఒక్క గుటకలో లాగేస్తుంది. క్లౌన్‌ఫిష్ వేలెడంతే, ఇది పెరిగితే అడుగు దాటుతుంది. చేపలంటే ప్రాణమిచ్చే మనిషి ఆ సంగతి తెలుసుకోవాల్సింది. చేప తప్పేం లేదు, రెండింటినీ ఒకే నీళ్లలో వేసింది ఆయన. ‘స్వభావం’ అన్న మాట పెద్దలకు సరిపోతుంది. పాపకు మాత్రం, బుజ్జీ చిట్టీ పోతే నాన్నకు బాధే లేదని వినిపించి ఉంటుంది.

అందుకే క్యాంపుకు వెళ్లేలోపే ఆయన పాప దగ్గర కూర్చుని, ‘తప్పు నాదే తల్లీ, నేను చూసుకోవాల్సింది’ అనాలి. అంతకుమించి వివరణలు వద్దు. కొత్త చేపలు కొనిస్తానని ఆశ పెట్టడం అసలే వద్దు. ఆ తర్వాత పాప ఏడిస్తే ఏడవనివ్వండి.

మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. వీపు మీద 13, పొట్ట కింద 2, తోకకు ముందు 3 ముళ్లలో విషం ఉంటుంది. చచ్చిన చేప ముల్లు గుచ్చుకున్నా ప్రమాదమే. అది మనిషి వెంటపడదు. శుభ్రం చేసే చేతికే ఎక్కువగా గుచ్చుకుంటుంది. కాబట్టి అక్వేరియం మూతకు తాళం ఉండాలి, దగ్గర్లో పాప ఎక్కగల స్టూల్ ఉండకూడదు, మేత పొడవాటి పట్టకారుతోనే వేయాలి. పొరపాటున గుచ్చుకుంటే ఆ చేతిని 45 డిగ్రీలు మించని వేడినీళ్లలో అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచి, డాక్టర్‌కు చూపించాలి. వేడికి విషం బలం తగ్గుతుంది. నొప్పిలో ఉన్నవాళ్లకు కాలుతున్నా తెలియదు కనుక, నీళ్ల వేడిని పక్కవాళ్లే చూడాలి. ఊపిరాడకపోయినా కళ్లు తిరిగినా వేడినీళ్ల కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకొకటి. బాగా చూసుకుంటే ఈ చేప పదేళ్లు బతుకుతుంది. అంటే మీ పాపకు పదహారేళ్లు వచ్చేదాకా హాల్లోనే. అన్నేళ్లు ఈ జాగ్రత్తలన్నీ తీసుకోగలరా అని ఆయన్నే అడగండి. కష్టమంటే, దాన్ని దుకాణానికో, ఇలాంటివి పెంచిన అనుభవమున్నవాళ్లకో ఆయన చేతుల మీదుగానే ఇప్పించండి.