నంబర్ మార్చినా వెంటపడుతున్నాడంటే లొకేషన్ చూడండి

కొత్త నంబర్ తీసుకున్నా మీ మాజీ మీరు వెళ్లిన చోటికల్లా వస్తున్నాడంటే, అతనికి తెలుస్తున్నది నంబర్ కాదు, లొకేషన్. బహుశా మీ గూగుల్ లేదా యాపిల్ అకౌంట్ అతని దగ్గర ఇంకా లాగిన్ అయి ఉంది.

1. చాలామంది వదిలేసే పని ఇదే: తెలియని డివైజ్ గానీ, లొకేషన్ షేరింగ్ గానీ కనిపించగానే ఆపేయకండి. ఆపితే అతనికి తెలిసిపోవచ్చు, ఆధారమూ పోతుంది. ముందు అకౌంట్‌లోని డివైజ్‌ల జాబితా, లొకేషన్ షేరింగ్ పేజీ తేదీతో సహా కనిపించేలా వేరే ఫోన్‌తో ఫొటో తీయండి. నమ్మకమైన ఒకరికి పంపండి. ఆపిన రోజు ఒంటరిగా ఉండకండి, కోపంతో రావచ్చు.

2. తర్వాత లొకేషన్ షేరింగ్ ఆపి, అతను ఎప్పుడూ ముట్టుకోని ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ చేయండి. రికవరీ ఈమెయిల్, నంబర్ (పాస్‌వర్డ్ మర్చిపోతే అకౌంట్ తిరిగి తెరవడానికి వాడేవి) అతనివే ఉంటే ఈ శ్రమంతా వృథా, అవీ మార్చండి.

3. ట్రాకర్ (లొకేషన్ పంపే చిన్న పరికరం) పెట్టాడేమో బ్యాగ్ అరల్లో, బండి సీటు కింద వెతకండి. దొరికితే పగలగొట్టకుండా పోలీసులకు ఇవ్వండి.

4. మెసేజ్‌లకు జవాబివ్వద్దు, డిలీట్ కూడా చేయద్దు.

దారిలో వెనకాలే వస్తుంటే ఇంటికి వెళ్లకండి. నేరుగా పోలీస్ స్టేషన్‌కు, లేదా జనం ఉన్న చోటికి వెళ్లండి.